కోడి పిండంపై ఫోలిక్ ఆమ్ల విరోధుల విషప్రభావం

పొదుగుడులో ఉన్న కోడిగుడ్డులోనికి అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ వంటి ఔషధాలు చేరినప్పుడు లోపల ఎదుగుతున్న పిండానికి కలిగే హానిని ఫోలిక్ ఆమ్ల విరోధుల విషప్రభావం అంటారు. ఈ హాని ముఖ్యంగా మూడు విధాలుగా కనిపిస్తుంది: ఎదుగుదల కుంటుపడటం, అవయవాలు వికృతంగా ఏర్పడటం, పిండం మరణించటం. ఈ ఔషధాలు తెలుగువాడైన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో 1940ల దశకంలో అమెరికాలో రూపొందాయి. రక్త కాన్సరు సోకిన పిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగించిన తొలి మందు అమినోప్టెరిన్. కాన్సరు కణాన్ని ఆపే గుణమే పిండంలోని కణాన్ని కూడా ఆపుతుందన్న సంగతిని స్పష్టంగా చూపిన తొలి ప్రయోగాలలో కోడి పిండంపై జరిగినవి ముఖ్యమైనవి.

కోడి పిండం - పరిచయం

కోడిగుడ్డు పొదుగు కాలం 21 రోజులు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల పల్లెలలో గంపలో గుడ్లు పేర్చి పెట్టను పొదగవేసే వారికి ఈ లెక్క తరతరాలుగా తెలిసినదే. కొన్ని రోజుల తరువాత గుడ్డును దీపపు వెలుగుకు అడ్డంగా పట్టి చూస్తే, పిండం ఎదుగుతున్న గుడ్డులో ఎర్రని రక్తనాళాల అల్లిక కనిపిస్తుంది. పిండం లేని గుడ్డు ఒకే తీరుగా తేటగా ఉంటుంది. ప్రయోగశాలలో పరిశోధకులు చేసే మొదటి పరీక్ష కూడా ఇదే.

ఈ ప్రాంతపు డిగ్రీ కళాశాలలలో జంతుశాస్త్రం చదివే విద్యార్థులకు 24, 48, 72, 96 గంటల కోడి పిండాల స్లైడ్లు పరిచితమైనవి. ఆ స్లైడ్ల వరుసలోనే ఈ వ్యాస విషయానికి కావలసిన మూలం ఉన్నది. సుమారు 37.5 డిగ్రీల సెంటీగ్రేడు వేడి వద్ద పొదిగిన గుడ్డులో మొదటి రోజు ముగిసేసరికి వెన్నెముకకు మూలమైన దేహఖండాలు ఏర్పడటం మొదలవుతుంది. రెండవ రోజున మెదడు, వెన్నుపాములకు మూలమైన నాడీనాళం మూసుకొంటుంది, గుండె కొట్టుకోవటం ఆరంభిస్తుంది. మూడవ రోజున కాళ్ళు, రెక్కల మొగ్గలు పైకి వస్తాయి. ఆ తరువాతి రోజులలో ముక్కు, ఈకల మూలాలు, ఎముకలు క్రమంగా ఏర్పడతాయి. 1951లో హాంబర్గర్, హామిల్టన్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ ఎదుగుదలను 46 దశలుగా విభజించారు. పరిశోధకులు నేటికీ ఆ దశల సంఖ్యలనే వాడుతున్నారు.

కోడి పిండాన్ని పరిశీలించటం చాలా ప్రాచీనమైన పద్ధతి. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ గుడ్లను పగులగొట్టి లోపలి ఎదుగుదలను వర్ణించాడు. 17వ శతాబ్దంలో ఇటలీ దేశస్థుడైన మాల్పీజి సూక్ష్మదర్శినితో దానిని పరిశీలించాడు. పిండంపై రసాయనాల ప్రభావాన్ని పరీక్షించటం మాత్రం 20వ శతాబ్దంలోనే విస్తరించింది. ఉదాహరణకు, గుడ్డులోనికి ఇన్సులిను ఎక్కించినప్పుడు తోక భాగం లేని పిల్లలు ఏర్పడినట్లు 1945లో వాల్టర్ లాండావర్ ప్రచురించాడు. మధుమేహానికి ప్రాణాధారమైన మందు కూడా తప్పు సమయంలో పిండానికి చేరితే రూపాన్ని మార్చగలదని ఇది చూపింది.

ఫోలిక్ ఆమ్లం

ఫోలిక్ ఆమ్లం బి వర్గపు విటమినులలో ఒకటి. దీని చరిత్రలో భారతదేశానికీ, కోడిపిల్లకూ స్థానం ఉన్నది. లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణీ స్త్రీలకు వచ్చే ఒక రకం రక్తహీనతను పరిశోధించి, ఈస్టు సారం తినిపిస్తే అది నయమవుతుందని 1931లో ప్రకటించింది. ఈస్టులో ఉన్న ఆ తెలియని పదార్థానికి 'విల్స్ కారకం' అను పేరు వచ్చింది. తరువాత కోడిపిల్లలలో రక్తహీనత రాకుండా కాపాడే ఒక పదార్థాన్ని గుర్తించి దానికి 'విటమిన్ బిసి' అని పేరు పెట్టారు. ఆ పేరులోని చివరి అక్షరం కోడిపిల్లకు ఆంగ్లంలో ఉన్న మాట నుండి వచ్చినదే. 1941లో పాలకూర ఆకుల నుండి ఒక పదార్థాన్ని వేరు చేసినవారు, ఆకు అను అర్థమున్న లాటిన్ మాట నుండి 'ఫోలిక్' అను పేరు పెట్టారు. కాలక్రమంలో ఇవన్నీ ఒకే విటమినుకు చెందినవని తేలింది.

కణం విభజన చెందాలంటే ముందు తన డి.ఎన్.ఏ.కు నకలు తయారు చేసుకోవాలి. ఆ నకలుకు కావలసిన ముక్కలను కూర్చటంలో ఫోలిక్ ఆమ్లం నుండి ఏర్పడే పదార్థాలు తోడ్పడతాయి. అందువలన వేగంగా విభజన చెందే కణాలకు దీని అవసరం ఎక్కువ. రక్తాన్ని తయారు చేసే ఎముకమజ్జ, పేగుల లోపలి పొర, కాన్సరు కణాలు, పిండం - ఈ నాలుగూ ఆ కోవలోనివే.

విరోధుల ఆవిర్భావం

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించాడు. మద్రాసులో వైద్యవిద్య అభ్యసించి 1922లో అమెరికా వెళ్ళాడు. హార్వర్డులో పనిచేస్తూ రక్తంలోను, మూత్రంలోను ఫాస్ఫరసును కొలిచే పద్ధతిని ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించాడు. 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్ వద్ద ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరి, అక్కడ పరిశోధన విభాగానికి అధిపతి అయ్యాడు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అను పేగుల వ్యాధితో మరణించారు. ఆ వ్యాధి చికిత్సలో ఫోలిక్ ఆమ్లం ఉపయోగపడుతుందని తరువాత తేలింది. 1945లో ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేయగలిగింది.

విటమిను నిర్మాణం తెలిసిన తరువాత దానిని పోలిన నకిలీ పదార్థాలను తయారు చేయటం సాధ్యమయింది. ఫోలిక్ ఆమ్ల అణువులో ఒకచోట ఆక్సిజను ఉన్న స్థానంలో అమినో సమూహాన్ని చేర్చగా ఏర్పడినది అమినోప్టెరిన్. దానికి మరొకచోట ఒక మిథైల్ సమూహాన్ని చేర్చినది అమెథోప్టెరిన్. దీనికే తరువాత మెథోట్రెక్సేట్ అను పేరు స్థిరపడింది.

బోస్టన్ నగరంలో పిల్లల వైద్యుడైన సిడ్నీ ఫార్బర్ మొదట ఫోలిక్ ఆమ్ల సంబంధమైన పదార్థాలను రక్త కాన్సరు రోగులకు ఇచ్చి చూశాడు. దానివలన వ్యాధి తగ్గకపోగా వేగం పుంజుకొన్నట్లు ఆయనకు కనిపించింది. విటమిను వ్యాధికి ఆహారమైతే, దాని విరోధి వ్యాధిని ఆపాలి కదా అన్న తర్కంతో ఆయన సుబ్బారావు బృందం పంపిన విరోధులను వాడాడు. 1948 జూన్‌లో ప్రచురించిన వ్యాసంలో, అమినోప్టెరిన్ పొందిన 16 మంది పిల్లలలో 10 మందికి తాత్కాలికంగా మెరుగు కనిపించినట్లు తెలిపాడు. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు మరణించాడు.

కోడి పిండంపై ప్రయోగాలు

కొత్త కాన్సరు మందులు వస్తున్న ఆ కాలంలోనే, న్యూయార్కులో కాన్సరు వైద్యుడైన డేవిడ్ కార్నోఫ్‌స్కీ కోడి పిండాన్ని పరీక్షా సాధనంగా వాడాడు. రోగి శారీరక స్థితిని కొలవటానికి కాన్సరు వైద్యులు వాడే 'కార్నోఫ్‌స్కీ కొలమానం' ఈయన పేరు మీద ఉన్నదే. ఫోలిక్ ఆమ్లము, 4-అమినో ఫోలిక్ ఆమ్లాలు, వాటికి దగ్గరి పదార్థాలు కోడి పిండం ఎదుగుదలపై చూపే ప్రభావాన్ని గురించి ఆయన, ఆయన సహచరులు 1949లో ప్రచురించారు. అమినోప్టెరిన్, అమెథోప్టెరిన్ ఈ 4-అమినో వర్గంలోనివే.

ఇటువంటి ప్రయోగాల పద్ధతి స్థూలంగా ఇట్లుంటుంది. ఒకే వయస్సు, దాదాపు ఒకే బరువు గల ఫలదీకరణ చెందిన గుడ్లను పొదుగు యంత్రంలో ఉంచుతారు. నిర్ణీత దినాన పెంకును శుభ్రపరచి, సన్నని రంధ్రం చేసి, సూదితో మందును పచ్చసొన సంచిలోనికి గాని, వాయుగదిలోనికి గాని, పెంకు లోపలి రక్తనాళాల పొర మీదికి గాని చేరుస్తారు. తరువాత రంధ్రాన్ని మైనంతో మూసివేస్తారు. కొన్ని గుడ్లకు మందు బదులు ఉప్పునీరు మాత్రమే ఎక్కిస్తారు. మరికొన్నింటిని తాకకుండా వదిలివేస్తారు. సూది గుచ్చటం వలననే కొన్ని పిండాలు చనిపోయే అవకాశం ఉన్నందున, ఈ పోలిక లేనిదే ఫలితాన్ని మందుకు ఆపాదించరాదు. చివరకు గుడ్లను తెరచి బ్రతికినవి ఎన్ని, వాటి బరువు ఎంత, ఏయే అవయవాలలో లోపం ఉన్నది అను విషయాలను నమోదు చేస్తారు.

పని చేయు విధానం

ఆహారం ద్వారా లభించిన ఫోలిక్ ఆమ్లం అదే రూపంలో కణానికి ఉపయోగపడదు. డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అను ఎంజైము దానిని టెట్రాహైడ్రోఫోలేటుగా మార్చాలి. అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ ఈ ఎంజైమును గట్టిగా పట్టుకొని వదలవు. తాళంలో సరిపోయినట్లు దూరి, తిరగకుండా బిగుసుకుపోయిన దొంగ తాళపుచెవితో దీనిని పోల్చవచ్చును. అప్పుడు అసలు తాళపుచెవికి చోటుండదు. డి.ఎన్.ఏ.కు కావలసిన థైమిన్, ప్యూరిన్ ముక్కల తయారీ ఆగిపోతుంది. కణం విభజనకు సిద్ధమై, ముక్కలు చాలక అక్కడే నిలిచిపోతుంది లేదా మరణిస్తుంది. ఈ ఎంజైము నిర్మాణాన్ని తెలుసుకొనటానికి శాస్త్రజ్ఞులు వాడిన ఆధారాలలో కోడి కాలేయం ఒకటి కావటం గమనార్హం.

ఎంజైము ఒకసారి పట్టుబడిన తరువాత మామూలు ఫోలిక్ ఆమ్లం ఇచ్చినా ప్రయోజనం తక్కువ. ఎందుకనగా దానిని మార్చవలసిన ఎంజైమే పని చేయటం లేదు. ఆ మెట్టును దాటి వచ్చిన ఫోలినిక్ ఆమ్లం మాత్రం కణాన్ని ఆదుకోగలదు. కాన్సరు చికిత్సలో అధిక మోతాదులో మెథోట్రెక్సేట్ ఇచ్చిన తరువాత వైద్యులు ఫోలినిక్ ఆమ్లం ఇచ్చేది ఈ కారణం చేతనే.

దినాన్ని బట్టి మారే హాని

ఒకే మందు, ఒకే మోతాదు అయినా అది చేరిన దినాన్ని బట్టి ఫలితం మారుతుంది. పిండాభివృద్ధి శాస్త్రంలో ఇది ప్రధాన సూత్రం. ఏ అవయవం ఏర్పడుతున్న సమయంలో కణవిభజన ఆగిపోతుందో ఆ అవయవానికి ఎక్కువ హాని.

మొదటి రెండు దినాలలో పిండం మొత్తం కొద్దిపాటి కణాల సముదాయం. అప్పుడు తీవ్రమైన దెబ్బ తగిలితే పిండం మరణించటమే ఎక్కువ. నాడీనాళం మూసుకొనే వేళ కణాలు చాలకపోతే తల వద్ద గాని, వెన్ను వద్ద గాని అది తెరచుకొనే ఉండిపోవచ్చును. కాళ్ళు, రెక్కలు, ముక్కు ఏర్పడే దినాలలో మందు చేరితే అవి కురచబారటం, వంకర తిరగటం సంభవిస్తుంది. అవయవాలన్నీ రూపం దాల్చిన తరువాత చేరితే వైకల్యం తక్కువగాను, ఎదుగుదల మందగించటం ఎక్కువగాను కనిపిస్తుంది. కోడిపిల్ల కాలు ఒకసారి ఏర్పడిన తరువాత మందు దానిని మాయం చేయలేదు. అట్లే ఏర్పడవలసిన వేళ ఏర్పడని కాలు తరువాత మందు ఆపినంత మాత్రాన తిరిగి రాదు.

మానవులకు వర్తింపు

అమినోప్టెరిన్ పిండాన్ని నాశనం చేయగలదని జంతువులలో తెలిసిన తరువాత, వైద్య కారణాల వలన గర్భస్రావం అవసరమైన స్త్రీలకు దానిని ఇచ్చి చూసిన అనుభవాన్ని థియర్ష్ అను వైద్యుడు 1952లో ప్రచురించాడు. కొన్ని సందర్భాలలో పిండం మరణించక, వైకల్యాలతో ఎదిగినట్లు తెలిసింది. తరువాతి దశాబ్దాలలో ఈ వర్గపు మందులకు గురియైన శిశువులలో కనిపించే లక్షణాలను వైద్యులు ఒకచోట చేర్చారు. పుర్రె ఎముకలు సరిగా గట్టిపడకపోవటం, కన్నుల మధ్య దూరం ఎక్కువగా ఉండటం, చిన్న దవడ, కురచ కాళ్ళుచేతులు, వ్రేళ్ళ లోపాలు వాటిలో ముఖ్యమైనవి.

అమినోప్టెరిన్ క్రమంగా వాడుక నుండి తొలగిపోగా, మెథోట్రెక్సేట్ నిలిచింది. 1956లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ మాయకు సంబంధించిన కోరియోకార్సినోమా అను కాన్సరును ఈ మందుతో నయం చేయగలిగినట్లు ప్రకటించారు. అమెరికాలో 1988లో కీళ్ళవాతానికి కూడా దీనికి అనుమతి లభించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధాల పట్టికలో ఇది ఉన్నది.

కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ మాత్రను వారానికి ఒకసారి మాత్రమే వేసుకోవాలి. పొరపాటున ప్రతిరోజూ వేసుకొనటం వలన ఎముకమజ్జ దెబ్బతిని మరణాలు సంభవించిన ఉదంతాలు అనేక దేశాలలో నమోదయ్యాయి. చీటీలో 'వారానికి ఒకసారి' అని స్పష్టంగా, వారంలో ఏ రోజో పేరుతో సహా వ్రాయించుకొనటం మేలు. గర్భిణీ స్త్రీలు కీళ్ళవాతానికి ఈ మందును వాడరాదు. సంతానం కోరే స్త్రీలు తమంతట తాము మందు మానకుండా, వైద్యుని సలహాతో గర్భధారణకు కొన్ని నెలల ముందే దానిని ఆపి తగిన వేరొక మందుకు మారవలసి ఉంటుంది.

విటమిను వైపు నుండి చూసినా ఇదే సూత్రం వర్తిస్తుంది. మానవ పిండంలో నాడీనాళం గర్భం నిలిచిన సుమారు 28 దినాలకే మూసుకొంటుంది. అప్పటికి చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమని తెలియదు. నాడీనాళ లోపం గల శిశువును ఒకసారి కన్న తల్లులకు గర్భధారణకు ముందు నుండి 4 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఇచ్చినప్పుడు, ఆ లోపం తిరిగి రావటం 72 శాతం తగ్గినట్లు 1991లో బ్రిటిష్ వైద్య పరిశోధనా మండలి ప్రకటించింది. సామాన్యంగా గర్భం కోరే స్త్రీలకు సూచించే మోతాదు రోజుకు 400 మైక్రోగ్రాములు. ఆ మాత్రను గర్భం నిలిచిన తరువాత కాక, ముందు నుండే మొదలు పెట్టాలి. మూడవ నెల దాటిన తరువాత ఇచ్చే ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలు తల్లి రక్తహీనతకు ఉపయోగపడతాయి గాని, అప్పటికే మూసుకోవలసిన నాడీనాళానికి ఆలస్యమైనట్లే.

కోళ్ళ పెంపకంలో సంబంధిత మందులు

ఫోలిక్ ఆమ్ల మార్గాన్ని అడ్డగించే మందులు కోళ్ళ వైద్యంలోను ఉన్నాయి. రక్తపారుడు వ్యాధికి వాడే సల్ఫా మందులు, వాటితో కలిపి ఇచ్చే పైరిమెథమిన్ ఈ కోవలోనివి. వ్యాధిని కలిగించే సూక్ష్మజీవి తన ఫోలిక్ ఆమ్లాన్ని తానే తయారు చేసుకొంటుంది. కోడి మాత్రం మేత నుండి పొందుతుంది. ఈ తేడా వలననే సల్ఫా మందు సూక్ష్మజీవిని దెబ్బతీస్తూ కోడిని చాలావరకు విడిచిపెడుతుంది. అయినను మోతాదు మించితే కోడికీ ప్రమాదమే.

పెట్ట తిన్న మందు గుడ్డులోనికి చేరవచ్చునన్న సంగతి పెంపకందారులు గుర్తుంచుకోవలసినది. వేరొక విధంగా పనిచేసే నికార్బజిన్ అను మందు దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. మాంసపు కోళ్ళకు ఉద్దేశించిన ఈ మందు గుడ్లు పెట్టే పెట్టల మేతలో కలిస్తే, గోధుమరంగు గుడ్ల పెంకు వెలిసిపోవటం, పొదిగిన గుడ్లలో పిల్లలు తక్కువగా రావటం జరుగుతుంది. పొదగవేసిన గుడ్లు ఎక్కువగా మురిగిపోయినప్పుడు పెట్టను, వాతావరణాన్ని మాత్రమే కాక, మేతను, ఇచ్చిన మందులను కూడా విచారించాలి.

పరిమితులు

కోడి పిండం చవకైనది, కంటికి కనిపించేది, త్వరగా ఫలితం ఇచ్చేది. అయినను దాని నుండి మానవునికి నేరుగా అనువర్తించటంలో జాగ్రత్త అవసరం. కోడిగుడ్డులో మాయ లేదు, తల్లి కాలేయం లేదు, మూత్రపిండం లేదు. గర్భిణి శరీరంలో మందు మారుతుంది, కొంత బయటకు పోతుంది. గుడ్డులో ఎక్కించిన మందు చాలావరకు అక్కడే ఉండిపోతుంది. అందువలన మానవునికి హాని చేయని పదార్థం కూడా గుడ్డులో హాని చేయవచ్చును.

ఒక్క జంతువును నమ్ముకొంటే కలిగే ప్రమాదానికి థాలిడోమైడ్ ఉదాహరణ. 1957లో జర్మనీలో అమ్మకానికి వచ్చిన ఈ మందు వేలాది శిశువులలో కాళ్ళుచేతుల వైకల్యానికి కారణమైనట్లు 1961లో గుర్తించారు. ఎలుకలలో ఆ వైకల్యం సులభంగా కనిపించదు. అది ఏ ప్రోటీనును పట్టుకొని హాని చేస్తుందో 2010లో జపాన్ శాస్త్రజ్ఞులు తెలుసుకొన్నప్పుడు, వారు వాడినవాటిలో జీబ్రా చేపతో పాటు కోడి పిండం కూడా ఉన్నది. ఈ అనుభవాల వలననే కొత్త మందును ఒకటి కంటే ఎక్కువ జాతుల జంతువులపై పరీక్షించటం ఆచారమైనది.

ప్రాముఖ్యత

ఫోలిక్ ఆమ్ల విరోధుల విషయంలో కోడి పిండం, ఎలుక, మానవ శిశువు మూడూ ఒకే దిక్కును చూపాయి. ఈ మందులకు కాన్సరు కణానికీ, పిండ కణానికీ తేడా తెలియదు. వేగంగా ఎదిగే ఏ కణమైనా వాటికి ఒకటే. రక్త కాన్సరు సోకిన బిడ్డకు ఆయువు పోసినది, గర్భంలోని బిడ్డకు విషమైనది ఒకే గుణం. అందుచేత మెథోట్రెక్సేట్ వంటి మందును గురించి చెప్పేటప్పుడు మంచిదా, చెడ్డదా అని కాక, ఎవరికి, ఎంత, ఎప్పుడు అని అడగటమే శాస్త్రీయమైన పద్ధతి.